ఓపిక ఒక్కటే చాలదు

మా చిన్నమ్మాయి డిగ్రీ అయ్యాక, బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లలకు చదువు చెప్పే డిప్లొమాలో చేరతానంది. నాకు మనసొప్పలేదు. కాస్త జాలి, బోలెడు ఓపిక ఉంటే ఎవరైనా చేసే పనికి రెండేళ్ళ చదువెందుకు అనిపించింది. అది నాతో వాదించలేదు. ఆనీ సలివాన్ జీవితకథ తెచ్చి చేతిలో పెట్టింది.

హెలెన్ కెల్లర్ గురించి మనమంతా స్కూల్లో చదువుకున్నవాళ్ళమే. చూపూ, వినికిడీ లేని పిల్ల అంత ఎదిగిందా అని ముక్కున వేలేసుకున్నాం. ఆమెకు పాఠం చెప్పిన టీచరమ్మ ఆ పనిని ఎక్కడ నేర్చుకుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆనీ 1866లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఐర్లండ్ నుంచి వలసొచ్చిన నిరుపేద ఇంట్లో పుట్టింది. చిన్నతనంలోనే ట్రకోమా అనే కంటిజబ్బు సోకి చూపు మసకబారింది. ఎనిమిదేళ్ళకే తల్లి క్షయతో పోయింది. తండ్రి పిల్లల్ని వదిలేశాడు. 1876లో ఆనీని, కాలు సరిగా లేని తమ్ముడు జిమ్మీని ట్యూక్స్‌బరీలోని దిక్కులేనివాళ్ళ ఆశ్రమంలో చేర్చారు. కొన్ని నెలలకే తమ్ముడు కన్నుమూశాడు. ఆ పిల్ల అక్కడే నాలుగేళ్ళు గడిపింది. ఒకరోజు తనిఖీకి పెద్దలొస్తే వాళ్ళ వెంటపడి, చదువుకుంటానని మొరపెట్టుకుంది. అలా 1880లో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలకు చేరింది. అప్పటికి పద్నాలుగేళ్ళు. తన పేరు కూడా రాయడం రాదు.

పెర్కిన్స్‌లో ఉండగా కంటి ఆపరేషన్లు జరిగి, అచ్చు అక్షరాలు చదివేంత చూపు వచ్చింది. 1886లో క్లాసులో ముందువరసలో నిలిచి చదువు ముగించింది. ఆ స్కూల్లోనే లారా బ్రిడ్జ్‌మన్ అనే పెద్దావిడ ఉండేది. ఆమెకూ చూపు లేదు, వినబడదు. అరచేతిలో వేళ్ళతో ఒక్కో అక్షరం గుర్తు పెడుతూ మాట్లాడాలి. ఆవిడతో కబుర్లు చెప్పడం కోసం ఆనీ ఆ వేళ్ళ భాష నేర్చుకుంది.

ఇంతలో అలబామా రాష్ట్రం నుంచి కెల్లర్‌గారి ఉత్తరం వచ్చింది. పందొమ్మిది నెలల వయసులో జబ్బుచేసి చూపూ, వినికిడీ పోయిన తమ కూతురికి టీచరు కావాలన్నాడు. ఆనీ వెంటనే రైలెక్కలేదు. లారాకు డాక్టర్ హోవే ఎలా చదువు చెప్పాడో రాసిపెట్టిన నివేదికలన్నీ ఆ బలహీనమైన కళ్ళతోనే నెలల తరబడి చదివింది. నేను పుస్తకం మూసి ఆలోచనలో పడింది ఇక్కడే. జాలిపడి వెళ్ళిన మనిషి కాదు, నేర్చుకుని వెళ్ళిన మనిషి!

1887 మార్చి 3న టస్కంబియా చేరింది. అప్పుడామెకు ఇరవయ్యేళ్ళు. హెలెన్‌కు ఇంకా ఏడు నిండలేదు. పాపం పిల్ల అని ఇంట్లోవాళ్ళు దేనికీ అడ్డు చెప్పేవాళ్ళు కారు. అందరి కంచాల్లో చెయ్యిపెట్టి తినేది. ఆనీ ఒకరోజు అందర్నీ బయటికి పంపి, తలుపు గడియపెట్టి, చెంచాతో తినేదాకా వదల్లేదు. ఆ పిల్ల తన్నింది, గిల్లింది. పక్కనున్న చిన్న ఇంట్లో ఇద్దరే రెండు వారాలు ఉన్నాక కాస్త మాట వినడం మొదలైంది.

ఏప్రిల్ 5న చేతిపంపు దగ్గర ఒక చేతిమీద నీళ్ళు పడుతుంటే, రెండో చేతిలో నీళ్ళు అన్న మాటకు అక్షరాలు గుర్తు పెట్టింది. ప్రతి వస్తువుకీ పేరుంటుందని హెలెన్‌కు ఆ క్షణాన తెలిసింది. కొన్ని గంటల్లోనే ముప్పై మాటలు నేర్చుకుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. తర్వాతది నాకు కొత్త. హెలెన్‌కు వరసయ్యే పదిహేను నెలల పాపాయిని ఆనీ గమనించింది. పాపాయికి మాటలు రాకపోయినా పెద్దవాళ్ళు చెప్పేది అర్థమవుతోంది. పసిపిల్లల చెవిలో మనం మాట్లాడుతూనే ఉంటాం కదా, అలాగే హెలెన్ చేతిలోనూ మాట్లాడాలనుకుంది. గంట కొట్టి చెప్పే పాఠాలు మానేసి, రోజంతా నిండు వాక్యాలే చెప్పింది.

1900లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కాలేజీలో చేరింది. నాలుగేళ్ళపాటు లెక్చరర్లు చెప్పిందంతా ఆనీ ఆమె చేతిలో అక్షరాలుగా చెప్పింది. బ్రెయిల్‌లో లేని పుస్తకాలు చదివి, అవీ చేతిలోనే చెప్పింది. 1904లో డిగ్రీ హెలెన్‌కొచ్చింది. ఆనీకి మిగిలింది కళ్ళనొప్పే. టెంపుల్ యూనివర్సిటీ ఆమెకు గౌరవ పట్టా ఇచ్చింది 1932లో. చివరిరోజుల్లో చూపు మొత్తం పోయింది. 1936 అక్టోబర్ 20న కన్నుమూసింది.

ఆనీ ఈ పనికి కోర్సేమీ చదవలేదు. తన దారి తనే వెతుక్కుంది. మనకిప్పుడు ఆ తిప్పలు లేవు. 1992లో భారత పునరావాస మండలి చట్టం వచ్చింది. ఆ మండలి గుర్తింపు ఉన్న కోర్సులో చేరాలి, పూర్తయ్యాక పేరు నమోదు చేయించుకోవాలి. చేరేముందు గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.

మా అమ్మాయి చేరింది. మొన్న ఒక బాబుకు చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పిందట. పనంతా తను చేసి, చివరికి గుండీని కాజాలోంచి లాగడం మాత్రం వాడికి వదిలిందట. అది వచ్చాక దాని ముందుది. అలా వెనకనుంచి ముందుకు. ఎన్నో వారాలు పట్టిందట. ఒకప్పుడు స్కూలుకు టైమవుతోందని దాని గుండీలన్నీ గబగబా నేనే పెట్టేసేదాన్ని. అదే ప్రేమనుకున్నాను.