ఆస్థాన సంగీతకర్త క్రిస్తోఫ్ గ్రౌప్నర్

జర్మను సంగీత చరిత్రలో బాఖ్ కీర్తి జగద్విదితము. ఆయనకు సమకాలికుడై, ఒకప్పుడు ఆయనకంటె ముందుగా ఎన్నుకొనబడిన క్రిస్తోఫ్ గ్రౌప్నర్ పేరు మాత్రము చాలకాలము మరుగుపడి యుండెను.

గ్రౌప్నర్ 1683లో సాక్సనీ యందలి కిర్ష్‌బెర్గ్ పట్టణమున జన్మించెను. లైప్‌జిగ్ నగరమందలి సెయింట్ థామస్ పాఠశాలలో కూనౌ యొద్ద సంగీతమభ్యసించి, పిమ్మట విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివెను. 1706లో స్వీడను సేనలు సాక్సనీపై దండెత్తగా హాంబర్గు చేరి, అచ్చటి సంగీత నాటకశాలలో హార్ప్సికార్డు వాదకుడయ్యెను. 1709లో హెస్సె-డార్మ్‌స్టాట్ ప్రభువగు ఎర్నెస్ట్ లుడ్విగ్ అతనిని తన కొలువునకు రప్పించెను. కొలది యేండ్లలోనే ఆస్థాన సంగీతాధిపత్యము లభించెను. కాని కాలక్రమమున ఖజానా వట్టిపోయెను, నాటకములు నిలిచిపోయెను, జీతములు బకాయి పడెను.

1722లో కూనౌ మరణింపగా లైప్‌జిగ్ పీఠము ఖాళీ అయ్యెను. నగరసభ మొదట కోరిన టెలిమాన్ హాంబర్గు వీడి రాలేదు. 1723 జనవరిలో గ్రౌప్నర్ తన రచనలను వినిపించి సభవారి మెప్పు పొందెను. తాను విద్యార్థిగా నిలిచిన చోటనే ఆచార్యుడగు భాగ్యము చేతికందినట్లే తోచెను. అయితే ప్రభువు అతనిని విడువనొల్లక, జీతము పెంచి నిలుపుకొనెను. ప్రభువు సెలవు లేక కొలువు వీడుట ఆనాడు సామాన్యము కాదు; 1717లో వైమార్ కొలువు నుండి విముక్తి కోరి పట్టుపట్టిన బాఖ్ సుమారు నెల దినములు చెరయందుండవలసి వచ్చెను. గ్రౌప్నర్ మాత్సర్యము పూనక, బాఖ్ యోగ్యతను ప్రశంసించుచు నగరసభకు లేఖ వ్రాసెను. ఆ పీఠము బాఖ్‌కు దక్కెను.

గ్రౌప్నర్ డార్మ్‌స్టాట్ నందే జీవితశేషము గడపెను. ఆదివారములకును పర్వదినములకును దేవాలయ గీతనాటికల వంటి కాంటాటాలను రచించుచు, వాని సంఖ్యను 1400కు మించజేసెను. ఇవిగాక 113 సింఫనీలు, 40కి పైగా కన్‌చెర్టోలు కలవు. హార్ప్సికార్డు రచనలు కొన్నింటిని తానే రేకులపై చెక్కి అచ్చొత్తించెను. 1754 ప్రాంతమున చూపు పోగా అతని లేఖని ఆగిపోయెను. 1760 మే 10వ తేదీన కాలధర్మము నొందెను.

అతని వ్రాతప్రతులు తమవని వారసులును, తనవని ఆస్థానమును చిరకాలము వివాదపడిరి. అందుచే అవి అచ్చునకు నోచుకొనలేదు, గాయకుల కంఠమెక్కలేదు. కాని ఆ కారణముననే చెల్లాచెదరు గాక నిలిచెను. బాఖ్ వ్రాతప్రతులు కుమారులు పంచుకొనగా అనేకము నశించినవి. గ్రౌప్నర్ కృతులో, కోట గ్రంథాలయమున బందీలై బ్రతికినవి. సుమారు రెండు శతాబ్దముల పిమ్మట పండితులు వానిని వెలికి తీయ నారంభింపగా, గాయకులు మరల వినిపించుచున్నారు. కర్తను కదలనీయని కొలువే కృతులను కాపాడుట విధి వైచిత్ర్యము.