కోబాల్ భాషకు బాట వేసిన లెక్కల టీచర్.. ఎవరీ గ్రేస్ హాపర్?

2020 ఏప్రిల్. కరోనా దెబ్బకు ఉద్యోగాలు పోయి, అమెరికాలో లక్షల మంది నిరుద్యోగ భృతికి దరఖాస్తు చేశారు. న్యూజెర్సీలో ఆ తాకిడికి ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ తట్టుకోలేకపోయింది. కోబాల్ వచ్చినవాళ్లు ముందుకు రావాలని ఆ రాష్ట్ర గవర్నర్ కోరాల్సి వచ్చింది. అప్పటికి ఆ ప్రోగ్రామింగ్ భాష వయసు 60 ఏళ్లు. దానికి బాట వేసిన మహిళే గ్రేస్ హాపర్.

లెక్కల నుంచి నేవీకి..

హాపర్ 1906లో న్యూయార్క్‌లో పుట్టారు. 1934లో యేల్‌లో గణితంలో పీహెచ్‌డీ పూర్తిచేసి, వాసర్ కాలేజీలో పాఠాలు చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో 1943లో నేవీ రిజర్వ్‌లో చేరారు. హార్వర్డ్‌లోని మార్క్-1 కంప్యూటర్‌పై పని అప్పగించారు.

అప్పట్లో ప్రోగ్రామ్ రాయాలంటే మెషీన్ కోడ్ తెలియాల్సిందే. జీతాల లెక్క చూసే ఉద్యోగికి అది అంతుపట్టదు. మనిషి మెషీన్ భాష నేర్చుకోవడమెందుకు, ఆ మార్పిడి పనిని మెషీనే చేయాలన్నది హాపర్ ఆలోచన. 1952లో ఆమె తయారుచేసిన ఏ-0 ఆ దిశలో తొలి అడుగు. తర్వాత ఇంగ్లిష్ మాటలతో ఆదేశాలిచ్చే ఫ్లో-మ్యాటిక్ వచ్చింది. కంప్యూటర్‌కు ఇంగ్లిష్ ఎలా అర్థమవుతుందని మొదట పైవాళ్లు కొట్టిపారేశారు.

కోబాల్ ఎందుకు వచ్చింది?

అప్పట్లో కంపెనీకో కంప్యూటర్, కంప్యూటర్‌కో భాష. మెషీన్ మారితే ప్రోగ్రామ్‌లన్నీ మళ్లీ రాయాలి. ఈ ఖర్చు తప్పించేందుకు 1959లో పెంటగాన్‌లో సమావేశం జరిగింది. అలా ఏర్పడిన కమిటీ, ప్రధానంగా ఫ్లో-మ్యాటిక్ ఆధారంగా కోబాల్‌ను రూపొందించింది. హాపర్ దానికి సాంకేతిక సలహాదారు. 1960 డిసెంబర్‌లో ఒకే ప్రోగ్రామ్ స్వల్ప మార్పులతో రెండు వేర్వేరు కంపెనీల కంప్యూటర్లపై నడిచింది.

బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు దాన్నే నమ్ముకున్నాయి. 1990ల చివర్లో వైటూకే పనుల కోసం అమెరికా వెళ్లిన తెలుగు ఇంజినీర్లలోనూ చాలామంది సరిచేసింది కోబాల్ ప్రోగ్రామ్‌లనే.

పాఠం ఏంటి?

హాపర్ 1986లో 79 ఏళ్ల వయసులో రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. 2016లో మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రకటించారు.

పనిచేసేవాళ్లు చదివితే అర్థమయ్యేలా ప్రోగ్రామ్ ఉండాలన్నదే ఆమె పట్టుదల. అయితే చదివే మనుషులు కూడా ఉండాలి కదా! పాతవాళ్లు రిటైరయ్యేలోగా కొత్తవాళ్లకు నేర్పకపోతే ఏమవుతుందో 2020లో భృతి కోసం ఎదురుచూసిన కుటుంబాలకు తెలిసొచ్చింది.