అలసంద చేనును నమ్ముకున్న బానిస బిడ్డ

నంద్యాల, ఆళ్లగడ్డ నల్లరేగడి పొలాల్లో శనగ కోత అంటే రోజంతా వంగిన నడుములే. కొమ్మలు నేలకు దగ్గరగా పరుచుకుంటాయి, కాయ కిందనే పడుతుంది. నంద్యాల పరిశోధనా స్థానం ఇప్పుడు నిటారుగా ఎదిగే ఎన్‌బీఈజీ 47 రకాన్ని ఇచ్చింది. దాన్ని యంత్రం కోసేస్తుంది. నడుం నొప్పి పోయింది సరే, ఆ కూలి ఎటు పోయింది? మొక్క ఎత్తు కూడా కులం, కూలి సంగతే అని ముందే తెలిసిన శాస్త్రవేత్తను తలుచుకుంటే జార్జ్ వాషింగ్టన్ కార్వర్ గుర్తొస్తారు.

1864 ప్రాంతంలో అమెరికాలోని మిస్సోరీలో బానిస తల్లికి పుట్టారు. పసిబిడ్డగా ఉన్నప్పుడే తల్లినీ ఆయన్నీ దొంగలు ఎత్తుకుపోయారు. యజమాని ఒక గుర్రం ఇచ్చి బిడ్డను మాత్రం తెచ్చుకున్నాడు. తల్లి మళ్లీ కనపడలేదు. కాన్సాస్‌లో ఒక కాలేజీ సీటిచ్చి, తీరా నల్లవాడని చూసి వెనక్కి పంపింది. మన పిల్లలకు కొత్త కథేం కాదు. చివరికి అయోవాలో 1896లో ఎంఎస్ పూర్తి చేసి, అదే ఏడాది బుకర్ టి. వాషింగ్టన్ పిలిస్తే అలబామాలోని టస్కిగీకి వెళ్లారు.

అక్కడ పత్తి ఒక్కటే వేసి వేసి నేల చచ్చిపోయింది. కౌలు చేసే నల్లవాళ్లు అప్పుల్లో మునిగిపోయారు. ఎరువు కొనే డబ్బులేని వాళ్లకు ఆయన చూపించింది అలసంద. దాని వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. ఇది ఆఫ్రికా పంట, బానిస వ్యాపారం కాలంలోనే అమెరికా చేరింది. అందులో తీగపాకేవి, గుబురుగా నిలిచేవి, తొందరగా కాసేవి, ఆలస్యంగా కాసేవి ఎన్నో ఉంటాయి. ఆ తేడాలు చాలావరకు విత్తనంలోనే ఉంటాయి. 1903లో అలసంద మీద, 1908లో దాన్ని వండుకునే తీరు మీద పుస్తకాలు వేశారు.

1906లో గుర్రబ్బండిపై పరికరాలు, విత్తనాలు వేసుకుని బడి లేని రైతు దగ్గరికి చదువును తీసుకెళ్లడం మొదలైంది. నంద్యాల పరిశోధనా స్థానం పుట్టిందీ ఆ ఏడాదే.

వేరుశనగ వెన్న ఆయనే కనిపెట్టారంటారు, అది నిజం కాదు. 1921లో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు వేరుశనగ గురించి మాట్లాడటానికి పది నిమిషాలిస్తే, విన్నవాళ్లే సమయం పెంచారు. తెల్లవాళ్లతో గట్టిగా కొట్లాడలేదన్న విమర్శ ఆయన మీద ఉంది, అది కొట్టిపారేయదగ్గదేం కాదు. 1943 జనవరి 5న చనిపోయారు. దాచుకున్న డబ్బును పరిశోధనకే ఇచ్చేసి, టస్కిగీలో బుకర్ టి. వాషింగ్టన్ పక్కన సమాధి అయ్యారు.