చిరునామాల చిక్కు విప్పిన గ్రేస్

సెల్‌ఫోన్‌లో పాట వింటూనే అమ్మాయికి మెసేజ్ పెడతాం. మధ్యలో పాలవాడి లెక్కా రాసుకుంటాం. ఒకదాని సరుకు ఇంకొకదాంట్లో కలవదు కదా! లోపల ఉన్న మెమరీ మాత్రం అన్నిటికీ ఒక్కటే. అయినా ప్రతి ప్రోగ్రామూ ఇల్లంతా తనదే అనుకుంటుంది. తన అరలకు తనే నంబర్లు వేసుకుంటుంది. అది చెప్పే నంబరు ఒకటి, సరుకు అసలు ఉన్న అర నంబరు మరొకటి. ఏది ఎక్కడుందో ఆపరేటింగ్ సిస్టంలోని కెర్నెల్ అనే భాగం పట్టిక రాసి పెడుతుంది. ప్రాసెసర్ ఆ పట్టిక చూసి, అడిగిన ప్రతిసారీ నంబరు మార్చుకుంటుంది.

ఇలా నంబర్లు మార్చే పని ఒకప్పుడు మనుషులే చేసేవారు, అదీ కాగితం, పెన్సిలూ పట్టుకుని! ఆ చాకిరీ యంత్రమే చెయ్యాలని పట్టుబట్టిన తొలి తరంలో ఒకావిడ ఉంది. పేరు గ్రేస్ హాపర్. కోబాల్ భాషకు తల్లి అని, కంప్యూటర్లో చిమ్మట దొరికిన కథలో మనిషి అని చాలామందికి తెలుసు. నాకు మాత్రం ఆమె చేసిన అరల లెక్కే ఎక్కువ ఇష్టం.

1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టింది గ్రేస్. ఏడేళ్ల వయసులో అలారం గడియారం ఎలా మోగుతుందో చూద్దామని విప్పింది. మళ్లీ బిగించడం రాక ఇంకోటి, ఆ తర్వాత మరోటి... అలా ఇంట్లో ఉన్న ఏడూ విప్పేసింది. తల్లి వీపు విమానం మోత మోగించలేదు. ఇకమీదట ఒక్క గడియారంతోనే ఆడుకోమని చెప్పి ఊరుకుంది. ఆ తల్లికి లెక్కలంటే ప్రాణమట. తండ్రి కూడా ఆడపిల్లలకూ కొడుకుతో సమానంగా చదువు చెప్పించాలనుకున్నవాడే.

లాటిన్‌లో మార్కులు చాలక వాసర్ కాలేజీలో మొదటిసారి సీటు రాలేదు. మరుసటి ఏడు వచ్చింది. 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో డాక్టరేట్ అందుకుని, వాసర్‌లోనే పాఠాలు చెప్పింది. 1930లో పెళ్లయింది. 1945లో విడాకులు. పిల్లలు లేరు.

యుద్ధం వచ్చాక నౌకాదళంలో చేరతానంది. అప్పటికి ముప్పై ఆరు దాటాయి. బరువేమో ఉండాల్సిన దానికన్నా ఏడు కిలోల దాకా తక్కువ. బక్కపలచని పంతులమ్మ దళంలో ఏం చేస్తుందన్నారు. ఆమె వదల్లేదు, ప్రత్యేక అనుమతి తెచ్చుకుని 1943 డిసెంబర్‌లో చేరింది. ఓడ ఎక్కిస్తారనుకుంటే 1944లో హార్వర్డ్‌కు పంపారు. అక్కడ మార్క్ వన్ అనే యంత్రం ఉంది. పొడవు 51 అడుగులు. అంత పెద్ద యంత్రంలో లెక్కలు దాచుకునే చోట్లు 72 మాత్రమే! ప్రోగ్రాములు రాసేవాళ్లు తలా ఒక నోటు పుస్తకం పెట్టుకునేవారు. బాగా పనిచేసిన ముక్క ఏదైనా ఉంటే, వంటల పుస్తకంలోంచి ఎక్కించుకున్నట్టు ఒకరి పుస్తకంలోంచి ఒకరు ఎక్కించుకునేవారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ప్రతి ముక్కనూ సున్నా నంబరు నుంచి మొదలైనట్టు రాసుకుంటారు. దాన్ని పెద్ద ప్రోగ్రాంలో 340వ అర దగ్గర పెట్టాలనుకోండి. అందులో 5కి వెళ్లు అని ఉంటే 345 అని దిద్దాలి. 12లో ఉన్నది తీసుకో అంటే 352. ఇలా ప్రతి చిరునామాకూ 340 కూడుతూ పోవాలి. ఒక్కచోట తప్పితే యంత్రం ఎక్కడికో పోతుంది. లెక్కల్లో పండితులైనా కూడికలు తప్పేవారు. చేతిరాత సంగతి చెప్పనే అక్కర్లేదు, బి అక్షరం 13 అయిపోయేదట!

యుద్ధం అయ్యాక హార్వర్డ్‌లో ఆడవాళ్లకు పైమెట్టు లేదని తేలిపోయింది. ఆ ఏళ్లలో ఆమెకు మద్యం అలవాటు ముదిరింది. స్నేహితులు కలవరపడి ఉత్తరం రాసేదాకా వెళ్లింది. ఆమె గురించి రాసేవాళ్లు చాలామంది ఈ సంగతి దాటేస్తారు. దాటెయ్యాల్సిన అవసరం నాకు కనిపించదు. నలభై దాటిన ఒంటరి మనిషి అంత దిగువ నుంచి లేచి 1949లో ఫిలడెల్ఫియాలో, యూనివాక్ కంప్యూటర్ తయారు చేస్తున్న ఎకర్ట్-మాక్లీ కంపెనీలో చేరింది మరి.

యూనివాక్‌లో వెయ్యి అరలు. 1951 చివర్లో ఆమె పని మొదలుపెట్టింది. యంత్రం పుట్టిందే కూడికల కోసం కదా, ఈ కూడిక కూడా దానికే ఎందుకు అప్పజెప్పకూడదు? ముక్కలన్నీ టేపు మీద ఎక్కించి, ఒక్కోదానికీ ఒక గుర్తు పెట్టింది. మనిషి గుర్తుల జాబితా ఇస్తే చాలు. యంత్రమే ముక్కలు వెతికి తెచ్చి, చిరునామాలన్నీ కూడి, మొత్తం ప్రోగ్రాం తయారు చేస్తుంది. దీనికి ఏ-జీరో అని పేరు.

మధ్యలో ఒక చిక్కు వచ్చింది. వెనక్కి వెళ్లమంటే సరే, ఆ ముక్క ఎక్కడుందో తెలుసు. ఇంకా రాని ముక్కలోకి ముందుకు దూకమంటే? దాని చిరునామా అప్పటికి ఎవరికీ తెలీదు. ఇక్కడ ఆమెకు చదువుకునే రోజుల్లో ఆడిన బాస్కెట్‌బాల్ గుర్తొచ్చింది. అప్పటి ఆడపిల్లల ఆటలో బంతి చేతిలో ఉండగా అడుగు వెయ్యకూడదు. అందుకని పక్క అమ్మాయికి విసిరేసి, తను ముందుకు పరిగెత్తి, మళ్లీ బంతి అందుకోవాలి. ఇదీ అంతే! మెమరీ చివర కొన్ని అరలు ఖాళీగా ఉంచింది. ముందుకు దూకాల్సినప్పుడల్లా ముందు ఆ మూలకి, ఉదాహరణకు 990కి, దూకమంది. అసలు ముక్క వచ్చి 520 దగ్గర స్థిరపడ్డాక, 990లో 520కి వెళ్లు అని రాయించింది. తెలియని చిరునామాకు మధ్యలో ఒక మజిలీ అన్నమాట.

1952 మేలో దీని గురించి పత్రం చదివింది. ప్రోగ్రామూ తయారుగా ఉంది. కానీ చాలాకాలం దాన్ని ముట్టుకున్నవాళ్లే లేరు! కంప్యూటర్ లెక్కలు చేస్తుందే గానీ ప్రోగ్రాములు రాస్తుందా అని కొట్టిపారేశారు. ఎదురుగా పనిచేస్తున్నా నమ్మకపోవడమేమిటో. తమకు మాత్రమే తెలిసిన విద్య అందరిదీ అయిపోతుందన్న బెంగ కూడా కొందరికి ఉండి ఉంటుందని నా అనుమానం.

ఆ తర్వాతి మెట్టు ఆమెది కాదు. 1962లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో టామ్ కిల్‌బర్న్ బృందం అట్లాస్ అనే కంప్యూటర్ నడిపింది. అందులో వేగంగా పనిచేసే మెమరీ 16 వేల మాటలకే చాలు. మిగిలిన 96 వేల మాటలు నెమ్మదిగా తిరిగే డ్రమ్ము మీద. ప్రోగ్రాంకు మాత్రం అంతా ఒక్కటే మెమరీలా కనిపిస్తుంది. 512 మాటలకు ఒక పేజీ చొప్పున అవసరమైనవి లోపలికొస్తాయి, అక్కర్లేనివి బయటికి పోతాయి. గ్రేస్ చిరునామాలను ప్రోగ్రాం నడవక ముందు ఒక్కసారి దిద్దింది. అట్లాస్ నడుస్తుండగానే అడుగడుగునా మార్చింది. ఈనాటి కెర్నెల్ చేసేదీ ఈ రెండో పద్ధతే. పేజీ సాధారణంగా 4,096 బైట్లు. అయితే రాసేవాడికి అసలు చిరునామాతో పని ఉండకూడదన్న పట్టుదల మాత్రం గ్రేస్‌లో పదేళ్ల ముందే ఉంది.

1959లో రూపుదిద్దుకున్న కోబాల్‌కు ఆమె ఫ్లో-మాటిక్ భాష పునాది. కమిటీలో పనిచేసినవాళ్లు చాలామంది ఉండగా ఒక్కరినే తల్లి అనడం నాకు సబబుగా తోచదు. 1966లో నౌకాదళం ఆమెకు రిటైర్మెంట్ ఇచ్చింది. ఏడాది తిరక్కుండానే ఆర్నెల్ల పని ఉంది రమ్మని పిలిచింది. ఆ ఆర్నెల్లు పంతొమ్మిదేళ్లు సాగాయి! 1986లో రియర్ అడ్మిరల్‌గా దిగేటప్పటికి ఆమె వయసు 79.

ముసలితనంలో సభలకు వెళ్తే సంచీలో తీగముక్కలు తీసుకెళ్లేది. ఒక్కోటీ 30 సెంటీమీటర్ల లోపే. సెకనులో వందకోట్లో వంతులో కరెంటు గరిష్ఠంగా ఎంత దూరం పోగలదో అంత పొడవు. అందరికీ తలా ఒకటి పంచి, కంప్యూటర్లో దూరం అంటే ఆలస్యమేనని చూపించేది. 1992 జనవరి 1న కన్నుమూసింది. ఆమె పేరు పెట్టిన యుద్ధనౌక 1997లో దళంలో చేరింది.