పుస్తకాన్ని గుడ్డిగా నమ్మని వైద్యుడు

ఫ్యాటీ లివర్‌కు చైనా మూలికలు వాడొచ్చా అని అడుగుతున్నారా? అయితే ఆ వైద్యానికి పెద్దదిక్కు లాంటి లీ షిజెన్ కథ ముందు తెలుసుకోండి.

ఆయన 1518లో చైనాలోని హుబే ప్రాంతంలో పుట్టారు. తాత, తండ్రి వైద్యులే. తండ్రి మాత్రం కొడుకును సర్కారు కొలువులో చూడాలనుకున్నారు. లీ పోటీ పరీక్షలో మూడుసార్లు తప్పారు. ఇరవై ఏళ్ల వయసులో జ్వరం, దగ్గు పట్టుకుని ఎంతకీ తగ్గలేదు. చివరికి తండ్రి 'హువాంగ్ చిన్' అనే ఒక్క వేరు కషాయంతో నయం చేశారు. పరీక్షల దారి మూసుకుపోయాక లీ కూడా వైద్యం చేపట్టారు.

పాత వైద్య గ్రంథాలు చదువుతుంటే తప్పులు కనిపించాయి. ఒకే మొక్కకు రెండు పేర్లు, రెండు మొక్కలకు ఒకే పేరు. ఇలాంటి పొరపాటు రోగి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే 1552లో కొత్త గ్రంథం మొదలుపెట్టారు. కొండలు తిరిగారు, రైతులను, జాలరులను, వేటగాళ్లను అడిగారు. ఆయుష్షు పెంచుతుందంటూ పాదరసం మింగడాన్ని ఖండించారు. 1578లో 1,892 మందుల వివరాలతో 'బెన్‌సావో గాంగ్మూ' పూర్తయింది. 1593లో ఆయన కన్నుమూశారు. పుస్తకం అచ్చయింది 1596లో.

అయితే ఆయనకు రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్ లేవు. కాలేయానికి లోపల జరిగే హాని కనిపించే అవకాశమే లేదు. ఆయన బలవర్ధకంగా చేర్చిన 'హె షౌ వూ' వేరు వాడి కాలేయం దెబ్బతిన్నవారు నేడు చైనాలోనే ఎందరో ఉన్నారు. ఆయన్ను బతికించిన హువాంగ్ చిన్‌తోనూ అరుదుగా అలాంటి కేసులు నమోదయ్యాయి. ఫ్యాటీ లివర్‌కు మూలికలపై జరిగిన 77 ప్రయోగాలను 2013లో కోక్రేన్ నిపుణులు పరిశీలించారు. అవన్నీ లోపాలతో ఉన్నాయని, మేలు జరుగుతుందని గట్టిగా చెప్పలేమని తేల్చారు.

లీ పాత పుస్తకాలను సరిచూసినట్టే మనం ఆయన పుస్తకాన్నీ సరిచూడాలి. అధిక బరువుంటే అందులో 7 నుంచి 10 శాతం తగ్గించుకోండి. కాలేయంలో కొవ్వు, వాపు తగ్గుతాయని రుజువైన మార్గం ఇది. 80 కిలోలున్నవారికి అది సుమారు 5.6 నుంచి 8 కిలోలు. మద్యం మానండి. షుగర్ అదుపులో ఉంచుకోండి.

ఇప్పటికే మూలికలు వాడుతుంటే దాచొద్దు, ఆ ప్యాకెట్ తెచ్చి డాక్టర్‌కు చూపించండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి.