ఒకటిన్నర డాలరుతో మొదలైన కాలేజీ: అధ్యక్షురాలు మేరీ బెథూన్ గారి జీవితం

లెక్కల పేజీల్లోకి వెళ్లే ముందు ఒక మహిళ జీవితం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఈసారి మేము ఎంచుకున్న ఆవిడ మన దేశం మనిషి కాదు. అమెరికాలో దక్షిణాన పత్తి పండే ప్రాంతంలో పుట్టిన నల్లజాతి స్త్రీ. పేరు మేరీ మెక్లౌడ్ బెథూన్. 1955లోనే కన్నుమూశారు. భాష వేరు, దేశం వేరు, కాలం వేరు. అయినా ఆవిడ కథలో పత్తి తూకం ఉంది, ఇంటి అద్దె ఉంది, స్థలానికి కట్టాల్సిన వాయిదాలు ఉన్నాయి, కుట్టుమిషను ఉంది, ఓటు ఉంది. మన సంఘాల్లో పిల్లల చదువుకని అప్పు తీసుకున్న అక్కచెల్లెళ్లందరికీ ఈ కథ బాగా అర్థమవుతుందని మా నమ్మకం.

1875 జూలై 10న సౌత్ కెరొలైనా రాష్ట్రంలో మేస్విల్ అనే చిన్న ఊరి దగ్గర మేరీ పుట్టింది. అమ్మానాన్నలు పాట్సీ, శామ్యూల్. వాళ్లిద్దరూ ఒకప్పుడు బానిసలు. అంటే కూలీలు కూడా కాదు, యజమాని కొనుక్కున్న మనుషులు. బానిసత్వం రద్దయిన సుమారు పదేళ్లకు పుట్టిన పిల్ల మేరీ, 17 మంది సంతానంలో 15వది. ఇంటిల్లిపాదీ పత్తి చేలో పని చెయ్యాల్సిందే. అమ్మ తెల్లవాళ్ల ఇళ్లకు బట్టలు ఉతికిపెట్టేది. ఒకరోజు ఆ ఇంటికి తోడు వెళ్లిన మేరీ అక్కడి పిల్లల పుస్తకం చేతిలోకి తీసుకుంటే, నీకు చదువు రాదు, అది కింద పెట్టు అని ఆ ఇంటి పిల్ల గద్దించిందట. పెద్దయ్యాక మేరీ గారు ఈ సంగతి చాలాసార్లు చెప్పుకున్నారు. చదువు మీద పట్టుదల అక్కడే పుట్టింది.

కొన్నాళ్లకు క్రైస్తవ మిషన్ వాళ్లు నల్లజాతి పిల్లల కోసం ఒక బడి పెట్టారు. ఇంటి నుంచి మైళ్ల దూరం. ఇంట్లో అందర్నీ పంపే పరిస్థితి లేదు, ఒక్కరినే పంపగలరు. మేరీని పంపారు. పొద్దున నేర్చుకున్నది సాయంత్రం ఇంటికొచ్చి మిగతావాళ్లకు చెప్పేది. కూడికలు, తీసివేతలు వచ్చాక ఇరుగుపొరుగు రైతుల పత్తి తూకం లెక్కలు కూడా సరిచూసిపెట్టేదని చెబుతారు. కాటా దగ్గర మనం ఎంత నష్టపోతామో మనకు తెల్సిందే కదా. చదువంటే ఉద్యోగం ఒక్కటే కాదని ఆ ఊరివాళ్లకు అలా తెలిసొచ్చింది.

ఆ బడి అయిపోయాక పైచదువుకు డబ్బు లేదు. అప్పుడు ఎక్కడో డెన్వర్ నగరంలో ఉండే మేరీ క్రిస్మన్ అనే ఆవిడ, కుట్టుపని మీద వచ్చే సంపాదనలోంచి కొంత తీసి, ఎవరైనా ఒక నల్లజాతి పిల్ల చదువుకు వాడమని పంపింది. ఆ సాయం ఈ మేరీకి అందింది. కాన్‌కార్డ్‌లోని స్కోషియా సెమినరీలో ఆరేళ్లు, తర్వాత షికాగోలో మూడీ గారి బైబిల్ విద్యాలయంలో చదివారు. ఆఫ్రికా వెళ్లి పనిచెయ్యాలని ఆవిడ కోరిక. అర్జీ పెడితే నల్లజాతివాళ్లకు అక్కడ ఉద్యోగాలు లేవని మిషన్ సంస్థ చెప్పేసింది. తన పూర్వీకుల నేలకు వెళ్లడానికి తన రంగే అడ్డొచ్చిందన్నమాట. జీవితంలో తనకు తగిలిన పెద్ద నిరాశ అదేనని ఆవిడ అనుకునేవారు. చేసేదిలేక టీచరు పనిలో చేరారు. అగస్టా ఊళ్లో లూసీ లేనీ అనే నల్లజాతి స్త్రీ నడిపే బడిలో కొంతకాలం పనిచేశారు. ఒక ఆడమనిషి బడి పెట్టి నడపగలదని అక్కడే కళ్లారా చూశారు.

1898లో ఆల్బర్టస్ బెథూన్‌తో పెళ్లయింది, మరుసటి ఏడు కొడుకు పుట్టాడు. సంసారం ఎక్కువకాలం సాగలేదు. 1907లో భర్త విడిచి వెళ్లిపోయారు. ఆ విషయం మీద ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు, మేమూ అక్కడితో వదిలేస్తున్నాం.

అంతకు మూడేళ్ల ముందే అసలు పని మొదలైంది. ఫ్లోరిడా రాష్ట్రంలో సముద్రం ఒడ్డున డేటోనా అనే ఊరు. రైలు మార్గం పనులకు వచ్చిన నల్లజాతి కూలీల కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి, ఆడపిల్లలకు మాత్రం బడి లేదు. ఈ మాట విని మేరీ గారు కొడుకును వెంటబెట్టుకుని ఆ ఊరు చేరారు. చేతిలో ఉన్నది ఒకటిన్నర డాలరు. అద్దెకు దొరికిన చిన్న ఇంటికి నెలకు 11 డాలర్లు. పెట్టుబడికి ఏడింతలకు పైగా అద్దె! ఇలాంటి ప్రతిపాదన మన సంఘం మీటింగులో ఎవరైనా పెడితే అప్పు తీర్మానం రాసేవాళ్లమా అంటే, రాసేవాళ్లం కాదు. ఇంటాయన మాత్రం నమ్మకం మీద తాళం చెవి ఇచ్చాడు.

1904 అక్టోబరు 3న ఐదుగురు ఆడపిల్లలతో బడి తెరిచారు. ఐదేళ్ల కొడుకుతో కలిపితే ఆరుగురు. బల్లలకు బదులు ఖాళీ చెక్కపెట్టెలు. పెన్సిలుకు కాల్చిన పుల్లల బొగ్గు, సిరాకు అడవిపళ్ల రసం. చెట్లకు వేలాడే నాచును ఎండబెట్టి గోతాల్లో కుక్కితే అదే పరుపు. హోటళ్లు పారేసిన పగిలిన సామాను, విరిగిన కుర్చీలు ఏరుకొచ్చి బాగుచేసుకున్నారు. చదువుతో పాటు వంట, కుట్టు నేర్పేవారు.

ఖర్చులకు ఆవిడ ఎంచుకున్న దారి మనకు కొత్తదేమీ కాదు. చిలగడదుంప, కొన్నిచోట్ల గెనుసుగడ్డ అంటామే, దాన్ని ఉడికించి గుజ్జుచేసి పిండి రొట్టెలో పెట్టి కాల్చే తీపి వంటకం ఒకటి అక్కడ ఇష్టంగా తింటారు. రాత్రిళ్లు అవి కాల్చి, పగలు రైలు పనివాళ్లకు అమ్మేవారు. ఇవాళ కూడా ఆవిడ పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ చిలగడదుంప వంటకమే. చందాల కోసం ఇల్లిల్లూ తిరిగేవారు. చలికాలంలో సముద్రం చూడ్డానికి వచ్చే ధనవంతులు దిగిన హోటళ్లకు పిల్లల్ని తీసుకెళ్లి పాటలు పాడించేవారు. రెండేళ్లు తిరిగేసరికి పిల్లలు 250 మంది దాకా అయ్యారంటారు.

అద్దె ఇల్లు చాలదు, సొంత జాగా కావాలి. దొరికింది ఊరి చెత్త పోసే గుంత. నరకపు గుంత అని జనం పెట్టిన పేరు. ధర 200 డాలర్లు. ముందు 5 డాలర్లు కడతాను, మిగతాది వాయిదాల్లో అని ఒప్పించారు. ఆ 5 డాలర్లు కూడా అప్పటికి చేతిలో లేవు, నాలుగు రోజుల్లో వంటకాలు అమ్మి కూడబెట్టి చిల్లర మూటగట్టి ఇచ్చానని తర్వాత ఆవిడే చెప్పారు. చెత్త ఎత్తి, చదునుచేసి అక్కడ కట్టిన మొదటి భవనానికి నమ్మకం అని అర్థం వచ్చే పేరు పెట్టారు: ఫెయిత్ హాల్.

పెద్దవాళ్లను ఒప్పించే తీరు కూడా గమనించాలి. సబ్బుల కంపెనీ కుటుంబానికి చెందిన జేమ్స్ గాంబుల్ గారిని బడికి పిలిచారు. ఆయన వచ్చి చూస్తే ఉన్నవి చెక్కపెట్టెలు, నలుగురు పిల్లలు. బడి ఎక్కడ అని అడిగారట. బడి ఇంకా నా మనసులోనే ఉంది, రాబోయే ఆ బడికే మిమ్మల్ని ట్రస్టీగా ఉండమంటున్నానని ఆవిడ చెప్పారు. ఆయన ఒప్పుకున్నారు, ఏళ్లతరబడి ఉన్నారు. కుట్టుమిషన్ల కంపెనీ యజమాని థామస్ వైట్ గారు ఒకసారి వచ్చి, పిల్లలు పాడైపోయిన మిషను మీద కుట్టడం, సగం కట్టి ఆగిపోయిన గోడలు చూశారు. కొత్త మిషనూ వచ్చింది, భవనానికి సామగ్రీ వచ్చింది.

తెల్లవాళ్ల దగ్గర చెయ్యి చాస్తున్నారని, వంట కుట్టు నేర్పితే పిల్లలు మళ్లీ ఆ ఇళ్లలో పనివాళ్లే అవుతారని విమర్శించినవాళ్లు అప్పుడూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ డబ్బు తీసుకున్నా ఆవిడ తల వంచలేదు. ఆ ప్రాంతంలో రైల్లో, హోటల్లో, చివరికి గుడిలో కూడా నల్లవాళ్లకు, తెల్లవాళ్లకు వేరువేరు చోట్లు. ఆవిడ బడిలో ఆదివారం సభలకు ఎవరొచ్చినా కలిసే కూర్చోవాలి, చందా ఇచ్చే దొర అయినా సరే. ఎంత వయసొచ్చినా నల్లజాతి స్త్రీని పేరు పెట్టి పిలవడం అక్కడి తెల్లవాళ్ల అలవాటు. ఆవిడ ఒప్పుకోలేదు, మిసెస్ బెథూన్ అని మర్యాదగా పిలవాల్సిందే. అందుకే మేము కూడా ఇక్కడ గారు వదలకుండా రాస్తున్నాం.

ఒక విద్యార్థినికి కడుపులో విపరీతమైన నొప్పి వచ్చి ఆపరేషను అవసరమైంది. తెల్లవాళ్ల ఆసుపత్రిలో ఆ పిల్లను వెనక వరండాలో పడుకోబెట్టారు. అది చూసొచ్చాక 1911లో రెండు మంచాలతో తానే ఆసుపత్రి తెరిచారు. అది పెరిగి 20 మంచాలదైంది. చాలా ఏళ్లు అక్కడి నల్లజాతివాళ్లకు అదే దిక్కు.

1920లో అమెరికా స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది. కాగితం మీద వచ్చింది. దక్షిణాన నల్లజాతివాళ్లు ఓటెయ్యాలంటే పన్ను కట్టాలి, చదువు పరీక్ష నెగ్గాలి. మేరీ గారు పన్ను డబ్బు పోగుచేశారు, పెద్దవాళ్లకు రాత్రి బడి నడిపారు. ఇది గిట్టని కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి ముఠా ఎన్నికల ముందు ముసుగులు వేసుకుని రాత్రిపూట బడి మీదకు వచ్చింది. లోపల ఉన్నది ఆడపిల్లలు, టీచరమ్మలు. ఆవిడ బడి ఆవరణలో దీపాలన్నీ వెలిగించమన్నారు. తానొచ్చి బయట నిలబడ్డారు. పిల్లలు ప్రార్థన పాటలు అందుకున్నారు. ముఠా చుట్టూ తిరిగి వెళ్లిపోయింది. ఓటింగు రోజున ఆవిడ వెనక సుమారు వంద మంది నల్లజాతి ఓటర్లు వరసలో నిలబడ్డారు.

చిలగడదుంపల కథ కంటే, ముఠాకు ఎదురు నిలవడం కంటే కూడా మాకు ముఖ్యంగా తోచేది 1923లో జరిగింది. అప్పటికి బడికి ఇరవై ఏళ్లు కావస్తోంది. భవనాలున్నాయి, పేరుంది. కానీ ప్రతి ఏడూ ఖర్చులకు ఆవిడ ఊరూరా తిరగాల్సిందే. ఆవిడ మంచాన పడితే బడి మంచాన పడినట్టే. జాక్సన్‌విల్‌లో కుక్‌మన్ ఇన్‌స్టిట్యూట్ అని 1872 నుంచి నడుస్తున్న మెథడిస్టు చర్చి విద్యాలయం ఉంది. దానితో తన బడిని కలిపెయ్యడానికి ఒప్పుకున్నారు. కలిపితే చర్చి బోర్డు అజమాయిషీ వస్తుంది, ఆడపిల్లల కోసమే పెట్టిన బడిలోకి మగపిల్లలూ వస్తారు, ఇంతకాలం తన ఒక్క మాటతో నడిచింది ఇకపై నడవదు. అన్నీ తెలిసే ఒప్పుకున్నారు. పెట్టినవాళ్ల చేతిలోంచి సంస్థను బయటికి రానివ్వడం ఎంత కష్టమో పదవీకాలం అయిపోయినా సంతకం హక్కు వదలలేని చోట్ల చూస్తూనే ఉంటాం.

కలిసిన సంస్థకు ఆవిడే అధ్యక్షురాలు. కాలేజీకి స్త్రీ అధ్యక్షురాలన్నదే ఆ రోజుల్లో అరుదు, నల్లజాతి స్త్రీ అంటే మరీ అరుదు. 1931లో బెథూన్-కుక్‌మన్ కాలేజీ అయింది. దేశమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న కాలం అది. తలుపులు మూతపడకుండా నెట్టుకొచ్చారు. 1941 నాటికి నాలుగేళ్ల డిగ్రీ చదువుకు రాష్ట్రం గుర్తింపు వచ్చింది. మరుసటి ఏడే, 1942లో, ఆయాసం జబ్బు ఎక్కువై, వాషింగ్టన్ పనులూ మీద పడి అధ్యక్ష పదవి వదులుకున్నారు. మధ్యలో అవసరం పడి 1946లో ఒక ఏడాది మళ్లీ కూర్చున్నారు, తర్వాత రిచర్డ్ మూర్ గారికి అప్పగించారు.

వాషింగ్టన్ పనులంటే చిన్నవి కావు. 1936 నుంచి రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో యువజన సంస్థలో నల్లజాతి విభాగం చూశారు. కాలేజీ పిల్లలకు పని ఇచ్చి చదువుకు సాయం చేసే పథకం అది. నల్లజాతి పిల్లలకు రావాల్సిన వాటా కోసం పట్టుబట్టి అడిగేవారు. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్‌తో గట్టి స్నేహం.

1935 డిసెంబరులో ఇంకొక పని చేశారు, అది మనకు మరీ దగ్గరది. అప్పటికే నల్లజాతి స్త్రీల సంఘాలు దేశమంతా విడివిడిగా ఉన్నాయి: టీచర్లవి, నర్సులవి, చర్చి మహిళలవి. విడిగా అడిగితే ఎవరూ వినడం లేదని ఆ సంఘాలన్నిటికీ కలిపి ఒక జాతీయ మండలి కట్టారు. సంఘాలు కలిసి గ్రామ సంఘం, గ్రామ సంఘాలు కలిసి మండల సమాఖ్య అన్నట్టే. 1949 దాకా దానికి ఆవిడే అధ్యక్షురాలు. వాషింగ్టన్‌లో దానికి కార్యాలయంగా కొన్న ఇల్లు ఇప్పుడు జాతీయ స్మారకం.

1952లో లైబీరియా దేశాధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి అమెరికా ప్రతినిధుల్లో ఒకరిగా ఆవిడ వెళ్లారు. లైబీరియా ఆఫ్రికాలో ఉంది. రంగు చూసి వద్దన్న ఆ నేల మీద 76 ఏళ్ల వయసులో అడుగుపెట్టారు.

కాలేజీ ఆవరణలోని తన ఇంటిని 1953లో ఒక ఫౌండేషన్‌కు రాసిచ్చేశారు. అదే ఇంట్లో 1955 మే 18న గుండెపోటుతో పోయారు. పోయేముందు వీలునామా లాంటి ఒక వ్యాసం రాసిపెట్టారు. అందులో ఆస్తుల పట్టీ లేదు. ప్రేమ, ఆశ, ఒకరి మీద ఒకరికి నమ్మకం, చదువు మీద దాహం, పిల్లల పట్ల బాధ్యత మీకు వదిలి వెళ్తున్నానని తనవాళ్లకు చెప్పారు. ఇంటి వెనకే, కాలేజీ నేలలోనే సమాధి.

ఆ కాలేజీ 2007లో విశ్వవిద్యాలయమైంది. వాషింగ్టన్ పార్లమెంటు భవనంలో ఒక్కో రాష్ట్రం తరఫున రెండేసి విగ్రహాలు ఉంటాయి. ఫ్లోరిడా తరఫున ఒకటి, బానిసత్వం ఉండాలన్న పక్షాన యుద్ధం చేసిన సేనాపతిది, చాలాకాలం అక్కడ ఉండేది. 2022లో దాన్ని తీసేసి, ఆ చోట మేరీ గారి పాలరాతి విగ్రహం పెట్టారు.