లా గార్డియా: ఓడెక్కే ముందే కళ్లు చూడమన్న మనిషి

న్యూయార్క్ వెళ్లొచ్చినవాళ్లకు లా గార్డియా అంటే ఓ ఎయిర్‌పోర్టు. ఆ పేరున్న మనిషి, ఫియోరెల్లో లా గార్డియా, 1934 నుంచి 1945 దాకా ఆ నగరానికి మేయర్. అంతకు ముప్పై ఏళ్ల ముందే ఆయన ఓ కంటి జబ్బు విషయంలో ఓడల కంపెనీతో గొడవ పెట్టుకున్నారు.

1882లో న్యూయార్క్‌లోనే పుట్టారు. తండ్రి ఇటలీ మనిషి, తల్లి యూదురాలు. ఇరవై ఒక్క ఏళ్లకే ఫ్యూమే రేవులో (ఇప్పుడు క్రొయేషియాలోని రియెకా) అమెరికా కాన్సులర్ ఏజెంటు అయ్యారు. అమెరికాకు వలస వెళ్లే పేదలు అక్కడ ఓడెక్కేవారు.

వాళ్లందరి భయం ట్రకోమా. ఈ జబ్బులో రెప్పల లోపలి వైపు గరుకు తేలుతుంది. ముదిరితే వెంట్రుకలు లోపలికి తిరిగి కనుగుడ్డును గీకుతాయి. అలా గీకి గీకి చూపు పోతుంది. ఇరుకు ఇళ్లు, నీళ్లకు కటకట ఉన్నచోట ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. అమెరికా 1897 నుంచే ఈ జబ్బున్నవాళ్లకు తలుపులు మూసింది. న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ దీవిలో డాక్టర్లు బొత్తాలు పెట్టుకునే కొక్కెంతో రెప్ప తిప్పి చూసేవారు. అనుమానమొస్తే బట్టల మీద సుద్దతో గుర్తు వేసేవారు. జబ్బు తేలితే తిరుగు ఓడే. గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ అయిన ఇంటివాళ్లకు ఆ దెబ్బ వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే వీళ్లకు ఆ మాట సముద్రం దాటాక తెలిసేది.

ఆ పరీక్షేదో ఓడెక్కే ముందే చేయించండన్నారు లా గార్డియా. కంపెనీ ససేమిరా అంది, డాక్టర్ ఫీజు కట్టనంది. అయితే ఓడ ఆరోగ్య పత్రం మీద సంతకం పెట్టనన్నారాయన. అది లేకపోతే న్యూయార్క్‌లో ఓడకే చిక్కు. చివరికి కంపెనీయే దిగొచ్చింది.

1907 నుంచి 1910 దాకా ఎల్లిస్ దీవిలోనే దుబాసీగా పనిచేశారు, రాత్రిపూట లా చదువుకున్నారు. రష్యాలో ఊచకోతలు తప్పించుకొచ్చిన యూదులు అప్పుడు వేలల్లో దిగుతున్నారు. చిన్నబిడ్డకు ట్రకోమా తేలితే తల్లో తండ్రో బిడ్డతో వెనక్కి పోవాలి. మిగతావాళ్లు ఇక్కడే. అక్కడేమో ఇల్లే మిగల్లేదు. ఆ కబురు వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాల్సింది దుబాసీయే.

1946లో ఐక్యరాజ్య సమితి సహాయ, పునరావాస సంస్థ అధిపతిగా యూరప్ శరణార్థుల భారం ఆయన మీదే పడింది. ఆ శరణార్థుల్లో సొంత అక్క జెమ్మా కూడా ఉన్నారు. నాజీల రావెన్స్‌బ్రూక్ క్యాంపు నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి. లా గార్డియా డబ్బు పంపారు గానీ ఆమెకోసం వరస తప్పించమని అడగలేదు. జెమ్మా 1947 మేలో న్యూయార్క్ చేరారు. ఆ సెప్టెంబర్‌లోనే తమ్ముడు కన్నుమూశారు.